సంకేతంగా మారిన ప్రేమగీతం: 1974 యూరోవిజన్‌లో పోర్చుగల్

1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో పోర్చుగల్ తరఫున పావ్‌లు ద కర్వాల్యు పాడిన ‘ఇ దెపొయిష్ దు అదెయుష్’ (వీడ్కోలు తరువాత) మూడే పాయింట్లతో, మరి మూడు దేశాల సరసన అట్టడుగున నిలిచింది. అదే పాట ఆ నెల 24 రాత్రి 10.55కు లిస్బన్ రేడియోలో వినిపించింది. నియంతృత్వంపై తిరుగుబాటుకు సిద్ధమైన సైనికాధికారులకు అది తొలి సంకేతం.

జోజె నీజ రచించిన ఈ విరహగీతంలో రాజకీయ ప్రస్తావన లేదు. ఆ లేమే దానికి రక్షణ: దేశానికి ప్రాతినిధ్యం వహించిన ప్రేమగీతాన్ని ఏ సెన్సారు అధికారి శంకిస్తాడు? అర్ధరాత్రి దాటాక రెండవ సంకేతంగా, పాలకులకు గిట్టని జోజె అఫోన్సు పాట ‘గ్రాందులా, విలా మురేనా’ ప్రసారమైంది. విప్లవగీతంగా ప్రసిద్ధి పొందినది ఇదే. ఉద్యమగీతాలను వస్తువును బట్టి వర్గీకరించే పద్ధతిలో మొదటి పాటకు చోటు దొరకదు. దాని చారిత్రకార్థాన్ని ప్రసార సమయంలోనే వెతకాలి. మరునాటి సాయంత్రం ప్రధాని మార్సెలు కయ్తాను లొంగిపోయాడు.