రంగు చేపల యూనిట్‌లో సంపు నీటిమట్టం నిలకడగా లేకపోతే ఏం చూడాలి?

తీర ప్రాంతాల్లో కొందరు చిన్న రైతులు పెరట్లో షెడ్డు వేసుకుని ఉప్పునీటి రంగు చేపలు, ముఖ్యంగా క్లౌన్ చేపల పిల్లలను తెచ్చి అమ్మకపు సైజు వరకు పెంచుతున్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇలాంటి పెరటి యూనిట్లకు కూడా సాయం ఉంది. ఈ యూనిట్లలో తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటే: "సంపులో నిన్న ఉన్నన్ని నీళ్లు ఈ రోజు లేవు, ఎక్కడికి పోతున్నాయి?" నేను చదివింది వ్యవసాయం, చేపల శాస్త్రం కాదు. కానీ ఈ సమస్యలో చేప పాత్ర తక్కువ, పైపుల పాత్ర ఎక్కువ. డ్రిప్పు నడిపిన రైతుకు ఇందులో కొత్తేమీ లేదు.

ముందు నీరు తిరిగే దారి తెలియాలి. పై తొట్లలో నీరు ఓవర్‌ఫ్లో పైపు అంచు దాటి, వాలుకు సంపులోకి దిగుతుంది. అక్కడ ఫిల్టరు దూది ఉన్న గది, తర్వాత బయోబాల్స్ ఉన్న గది దాటి చివరి గదికి చేరుతుంది. ఆ గదిలోని మోటారు దాన్ని మళ్లీ తొట్లకు ఎక్కిస్తుంది. తొట్ల మట్టాన్ని ఓవర్‌ఫ్లో అంచు నిర్ణయిస్తుంది, కనుక అది మారదు. మొదటి రెండు గదుల మట్టాన్ని మధ్య అడ్డుగోడలు ఆపుతాయి. అంటే మొత్తం యూనిట్‌లో ఎక్కడ నీరు తగ్గినా ఆ లోటు కనిపించేది మోటారు గదిలోనే. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం చిక్కు విడిపోతుంది.

మార్కర్ పెన్నుతో మోటారు గది గోడ మీద రెండు గీతలు గీయండి. ఒకటి మోటారు నడుస్తున్నప్పుడు ఉండాల్సిన మట్టం, రెండోది మోటారు ఆపాక నీరు ఎంతవరకు పెరుగుతుందో ఆ మట్టం. గీతలు లేకుండా కంటి అంచనాతో చెప్పే మాటలు నమ్మదగినవి కావు.

రోజూ కొంచెం కొంచెంగా తగ్గుతుంటే

ఇది ఆవిరి కావచ్చు, లీకు కావచ్చు. చాలామంది లీకేనని భయపడి జాయింట్లన్నీ విప్పేస్తారు. ముందు లెక్క వేయండి. తొట్లు, సంపు కలిపి నీటి ఉపరితలం 6 చదరపు మీటర్లు ఉందనుకుందాం. రోజుకు 4 మిల్లీమీటర్లు ఆవిరైతే 24 లీటర్లు పోయినట్టు. మోటారు గది ఉపరితలం 0.2 చదరపు మీటర్లే అయితే అక్కడ మట్టం 12 సెంటీమీటర్లు పడిపోతుంది. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది కానీ అది ఉత్త ఆవిరే.

ఆవిరి ఎంతో తెలుసుకోవడానికి నిటారు గోడలున్న ఒక పెద్ద బకెట్టులో అదే నీరు నింపి, తొట్ల పక్కనే పెట్టి, ఒక గాలి రాయి వేసి, 24 గంటల తర్వాత ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో కొలవండి. దాన్ని మొత్తం ఉపరితలంతో గుణిస్తే యూనిట్‌లో ఎన్ని లీటర్లు ఆవిరి కావాలో తెలుస్తుంది. మీరు రోజూ పోస్తున్న నీరు దానికి దగ్గరగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. బాగా ఎక్కువ పోయాల్సి వస్తుంటే లీకు వెతకాలి.

ఉప్పునీటి యూనిట్‌లో దీనికంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. నీరు ఆవిరైతే ఉప్పు లోపలే ఉండిపోతుంది. లీకైతే ఉప్పు కూడా నీటితో పోతుంది. వారం రోజులు నీరు మార్చకుండా, తగ్గినంత వరకు మంచినీళ్లే పోస్తూ రిఫ్రాక్టోమీటరుతో సెలైనిటీ చూడండి. 32 పీపీటీ అలాగే నిలిస్తే ఆవిరి. రెండు మూడు పాయింట్లు దిగితే లీకు ఉన్నట్టే.

లీకు ఉంటే ట్యాంక్ నిపుల్ దగ్గర, వాల్వుల దగ్గర, జిగురు వేసిన జాయింట్ల కింద తెల్లటి ఉప్పు పొర కట్టి ఉంటుంది. చుక్క కింద పడేలోపే ఆరిపోయే చిన్న లీకు కూడా ఈ పొరతో దొరికిపోతుంది. అయితే గాలి బుడగలు చిట్లి మూత అంచులకు కట్టే ఉప్పును చూసి లీకు అనుకోవద్దు.

ఇక్కడే రైతులు ఎక్కువగా చేసే పొరపాటు గురించి చెప్పాలి. తగ్గిన నీటికి బదులు సముద్రపు నీరే పోస్తుంటారు. పై లెక్కలోని యూనిట్‌లో మొత్తం 2,000 లీటర్లు ఉందనుకుంటే, రోజుకు 24 లీటర్ల చొప్పున 32 పీపీటీ సముద్రపు నీరు కలిపితే ఇరవై రోజుల్లో సెలైనిటీ 40 దగ్గరికి చేరుతుంది. మట్టం మాత్రం గీత దగ్గరే చక్కగా ఉంటుంది. చేపలు మేత మానేస్తే రోగం అనుకుని మందులు వేస్తారు. ఆవిరైన నీటికి మంచినీళ్లు, లీకైన నీటికి, మార్చిన నీటికి ఉప్పునీళ్లు. మంచినీళ్లు కుళాయివైతే క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి గాలి పెట్టి ఉంచాలి.

గంటగంటకూ మారుతుంటే

మట్టం దిగడం, కాసేపటికి మళ్లీ పెరగడం జరిగితే అది ఆవిరీ కాదు, లీకూ కాదు. ఓవర్‌ఫ్లో పైపు దగ్గర నిలబడి వినండి. గుటగుటమని శబ్దం చేస్తూ నీరు ఒక్కసారి గుంజుకుని, మళ్లీ నెమ్మదిస్తుంటే పైపులో సైఫన్ పడుతూ తెగుతూ ఉన్నట్టు. పైపు పైభాగంలో టీ పెట్టి దాని పై నోరు తెరిచి ఉంచితే గాలి ఆడి నీరు నిలకడగా దిగుతుంది. జాలికి నాచు, నత్త పట్టినా తొట్టి మట్టం పెరిగి సంపు మట్టం తగ్గుతుంది. మొదటి గది నిండి పొర్లుతూ మోటారు గది ఎండుతుంటే మాత్రం దూది మూసుకుపోయినట్టే. రెండు మూడు రోజులకోసారి దూది కడగక తప్పదు.

సాయంత్రం పూట సంపు మట్టం పెరిగి, పొద్దున్నే సరిపోతుంటే వోల్టేజి చూడండి. మోటారు నీరు తక్కువ తోస్తే ఆ మేరకు నీరు సంపులో నిలుస్తుంది. మోటారు రెక్కకు పీచు చుట్టుకున్నా ఇంతే.

కరెంటు పోయినప్పుడు

మోటారు ఆగగానే ఓవర్‌ఫ్లో అంచుకు పైన ఉన్న నీరంతా సంపులోకి దిగుతుంది. తొట్ల ఉపరితలం 5 చదరపు మీటర్లు, అంచుకు పైన 2 సెంటీమీటర్ల నీరు ఉంటే అది 100 లీటర్లు. పైపుల్లోది అదనం. సంపులో అంత ఖాళీ లేకపోతే ఉప్పునీరు షెడ్డు నేల మీదే. తిరుగు పైపు మూతి నీటిలో మునిగి ఉంటే సైఫన్ పడి తొట్టి నీరు ఇంకా దిగిపోతుంది. నీటిమట్టానికి కాస్త కింద ఆ పైపుకు చిన్న రంధ్రం వేస్తే గాలి దూరి సైఫన్ తెగుతుంది. చెక్‌వాల్వు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఒక చిన్న నలుసు అడ్డం పడితే అది మూసుకోదు. ఆ రంధ్రాన్ని కూడా వారానికోసారి పుల్లతో శుభ్రం చేయండి. అన్నీ అమర్చాక పగటిపూట మీరే స్విచ్ ఆపి, పక్కనే నిలబడి నీరు ఎంతవరకు పెరుగుతుందో చూడండి.

ఫ్లోట్ వాల్వు పెట్టుకునేవారికి ఒక మాట. నేను చూసిన ఒక యూనిట్‌లో దాన్ని నేరుగా ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు కలిపారు. ఒక రాత్రి బంతికి ఉప్పు పట్టి వాల్వు మూసుకోలేదు. ట్యాంకు మొత్తం సంపులోకి దిగింది, పొర్లు పైపు గుండా ఉప్పునీరు బయటికి పోయింది. ఉదయానికి సెలైనిటీ 20. ఆ ఇల్లాలు నాలుగు నెలలు పెంచిన పిల్లల్లో సగానికి పైగా పోయాయి. ఫ్లోట్ వాల్వును ఒక రోజుకు సరిపడే నీరు పట్టే చిన్న డ్రమ్ముకే కలపండి. అప్పుడు చెడిపోయినా ఆ డ్రమ్ముడు నీరే లోపలికి వెళ్తుంది.

సంపులో ఫిల్టరు కోసం కొందరు సముద్రం నుంచి పగడపు రాళ్లు తెచ్చి వేస్తున్నారు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది, తీయడం నేరం. బయోబాల్స్ చాలు.

ఉప్పునీటిలో చెయ్యి పెట్టే ముందు మోటారు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా తీయాలి. షెడ్డుకు ఎర్తింగు, ఈఎల్‌సీబీ లేకపోతే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు అవి పెట్టించండి.