కొల్లేటి గట్ల మీద సమితి జీపు

జీపును మళ్లీ పాత రూపానికి తెద్దామంటే "ఏ పాత రూపానికండీ?" అన్నాడు మా మేస్త్రి. అప్పుడది వెటకారంలా తోచింది. బండి పుట్టుపూర్వోత్తరాలు తవ్వేకొద్దీ ఆ మాటలో న్యాయం కనబడింది.

అమెరికాలో విల్లీస్ కంపెనీ సైన్యం కోసం ఈ జీపును 1941లో చేయడం మొదలుపెట్టింది. మరుసటేడు ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మా తాడేపల్లిగూడెంలో రన్‌వే వేసింది కూడా ఆ యుద్ధకాలంలోనే. యుద్ధమయ్యాక దాని మీద పశువులు మేశాయి, కుర్రకారు సైకిళ్లు నేర్చుకున్నారు, నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నదీ అక్కడే. జీపుకు మాత్రం పని తప్పలేదు. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలైన కంపెనీలోంచి గులాం మహమ్మద్ వెళ్లిపోయి పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు. మిగిలినవాళ్లు మహీంద్రా అండ్ మహీంద్రా అని బోర్డు మార్చి, విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించారు.

మాది సీజే-3బి. ఇంజిను ఎత్తు పెరిగితే బానెట్టూ లేచింది. అందంలో యుద్ధకాలపు జీపుకు సాటిరాదని నా అభిప్రాయం. అమెరికాలో 1953లో వచ్చి 1968లో ఆగిపోయిన ఈ రకాన్ని మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేస్తూనే ఉన్నారు.

దీన్ని మొదట కొన్నది ప్రభుత్వం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై బ్లాకులు, బీడీఓలు వచ్చారు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. అప్పట్నుంచి మా పల్లెల్లో జీపంటే సమితి జీపే. అది వచ్చిందంటే ఎరువుల సంగతో, కుటుంబ నియంత్రణ సంగతో అయ్యుండాలి. పిల్లలం దుమ్ములో పడి వెంట పరుగెత్తేవాళ్లం. మగవాళ్లు కొందరు పెరటి దారి పట్టేవారు.

సమితులు పోయి మండలాలు వచ్చాక, 1980ల చివర్లో, వేలంలో మా నాన్న దీన్ని పాడుకున్నారు. అప్పటికే కొల్లేరు వేరే కొల్లేరు. 1976 నుంచి సహకార సంఘాల పేరిట చేపల చెరువులు తవ్వడం మొదలైంది, వెనకే సొంత చెరువులూ వచ్చాయి. తాటి దోనెలు తిరిగిన నీళ్లలో గట్లు లేచాయి. తవుడు బస్తాలు, వలలు, కూలీలు అన్నీ ఆ గట్ల మీదే వెళ్లాలి. ఒక్క వాన పడితే ఆ నల్లమట్టి టైరుకు అంటుకుని మడ్‌గార్డు దాకా నిండిపోతుంది.

అక్కడ నడపడం ఒక విద్య. గేరు రాడ్డు పక్కన రెండు పొట్టి రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది హై నుంచి లోకు దించుతుంది. ముందు చక్రాలు కలపనిదే లో పడదు. ఫస్టు గేరైతే బండి పూర్తిగా ఆగితేగాని సవ్యంగా పడదు, తొందరపడితే గరగరమని తిడుతుంది. కాబట్టి బురద ఇంకా పది గజాల దూరంలో ఉండగానే గేరు నిర్ణయించుకుని, ఆక్సిలేటర్ మీద కాలు కదపకుండా పోవాలి. మధ్యలో మనసు మార్చుకున్నవాడు దిగి పార పట్టాల్సిందే.

ఈ బండిలో కంపెనీ బిగించిన పెట్రోలు ఇంజిను ఇప్పుడు లేదు. 1973 తర్వాత పెట్రోలు ధర మండాక, చేతిలో పెట్రోలు జీపున్న చాలామంది విజయవాడ ఆటోనగర్ దారి పట్టారు. 1966లో ఏర్పడిన ఆ పేట ఇలాంటి పనులకు పెట్టింది పేరు. అక్కడే మా నాన్న ఇంటర్నేషనల్ ట్రాక్టర్ల వంశానికి చెందిన డీజిల్ ఇంజిను పెట్టించారు. బరువెక్కువ కావడంతో ముందు కమాన్లకు అదనంగా ఒక్కో పట్టీ వేశారు. ఊరికే ఆన్‌లో పెడితే పక్క అద్దంలో ముఖం కనబడనంతగా వణుకుతుంది. బురదలో మాత్రం ఆ ట్రాక్టరు లాగుడే కాపాడింది.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లను పొక్లెయిన్లతో కొట్టేశారు. సరస్సుకు అది అవసరమే అంటాను. మా వీధిలో నిలబడి అలా అనడం మాత్రం అంత తేలిక కాదు. మా చెరువూ పోయింది, జీపు పాకలోకి చేరింది.

బాగుచేయడానికి దించినప్పుడు ఫ్లోరు రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది. బానెట్ పక్కన గీకితే ముందు మా నాన్న వేయించిన ఎరుపు రాలింది, కింద ముదురాకుపచ్చ, దాని మీద తెల్ల అక్షరాల్లో 'యతీ సమి' వరకు ఆనవాలు. హైదరాబాదు మిత్రుడొకాయన అంతా గీకించి, కంపెనీ పెట్రోలు ఇంజిను వెతికి పెట్టించమన్నాడు. అలా చేస్తే అమెరికా నమూనా మిగులుతుంది గానీ సమితీ పోతుంది, ఆటోనగరూ పోతుంది, కొల్లేరూ పోతుంది. ఫ్లోరు కొత్తది వేయించి, ఆకుపచ్చే కొట్టించి, ఆ అక్షరాలున్న మేర వదిలేయమన్నాను. ఇంజిను జోలికి పోలేదు.

2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఇంజిను, ఛాసిస్ పెద్దగా మార్చని బండికే వింటేజ్ గుర్తింపు. మాది వయసులో నెగ్గి ఇంజిను దగ్గర ఓడింది. అందుకని మామూలు బండిలాగే ఐదేళ్లకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెడుతున్నాను. మిత్రుడు ఇది విని జాలిపడ్డాడు. వింటేజ్ నంబరున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదని ఆయనకు చెప్పాను. వచ్చే వారం కైకలూరు నుంచి తవుడు తేవాలి.