మరాలింగ మట్టి

దక్షిణ ఆస్ట్రేలియాలోని మరాలింగ అనంగు ఆదివాసుల తాతముత్తాతల నేల. వాళ్లను ముందే దూరాన యలాటాకు తరలించారు. 1956, 57లలో బ్రిటన్ అక్కడ ఏడు అణుబాంబులు పేల్చింది. అందరూ వాటి గురించే చెబుతారు. నేలను ఎక్కువగా పాడుచేసింది మాత్రం, ఆ తర్వాత 'చిన్న పరీక్షలు' అని పేరుపెట్టి గుట్టుగా చేసినవి. 1960-63 మధ్య తారనాకి అనే చోట మామూలు మందుగుండుతో సుమారు 22 కిలోల ప్లుటోనియాన్ని ఎగజిమ్మారు.

అది కాలి ఆక్సైడుగా మారి, సన్నని రేణువులై మట్టిలో కలిసింది. ఈ ఆక్సైడు నీళ్లలో దాదాపు కరగదు. వానకు లోతుకు ఇంకదు, మొక్కల వేళ్లూ పెద్దగా పీల్చవు. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ కరగనిది పైమట్టిలోనే ఉండిపోతుంది. గాలి వీస్తే దుమ్ముతో పాటు లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడా తొందరగా కరగదు. అందులో సగం తరగడానికే సుమారు 24,000 ఏళ్లు పడుతుంది.

1967లో ఆ నేలను దున్ని, మట్టి కలిపేసి, శుభ్రమైందన్నారు. 1984లో కొలిస్తే ప్లుటోనియం అంటిన ముక్కలు వేలల్లో బయటపడ్డాయి. అప్పుడు గానీ శాస్త్రవేత్తలు అనంగుల బతుకు తీరును లెక్కలోకి తీసుకోలేదు. గచ్చు ఇంట్లో ఉండేవారు పీల్చే దుమ్ము వేరు. నేలమీదే కూర్చుని, వండుకుని, పడుకునే కుటుంబం పీల్చే దుమ్ము వేరు. పిల్లలైతే మట్టిలోనే ఆడతారు. ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1995-2000 మధ్య పైమట్టి గీకి గోతుల్లో పూడ్చారు. ఇప్పటికీ కొంత నేలలో వేటాడవచ్చు, దాటి వెళ్లవచ్చు. గుడిసె వేసుకుని ఉండకూడదు.