బ్రిటన్‌లో ఇండీ రాక్ సంగీతం: శ్రోతకు చేరిన దారులు (1964–1998)

వ్యాససంగ్రహం:

కొత్త సంగీతం సామాన్య శ్రోతకు ఎలా తెలుస్తుంది అనే ప్రశ్నను బ్రిటన్ రాక్ సంగీత చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సముద్రం మీది రేడియోలు, జాన్ పీల్ రాత్రి ప్రసారాలు, సంగీతకారులు సొంతంగా అచ్చు వేసుకున్న రికార్డులు, చిన్న దుకాణాల పంపిణీ వ్యవస్థ అనే నాలుగు దశలను వరుసగా చర్చిస్తుంది. ‘ఇండీ’ అనే మాట తొలుత రికార్డు ప్రయాణించిన దారికి పేరుగా స్థిరపడి, తరువాతే ఒక బాణీకి పేరుగా మారిందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఇండీ సంగీతం, రాక్, జాన్ పీల్, బీబీసీ, రఫ్ ట్రేడ్, పంపిణీ, శ్రోత.

1. ఉపోద్ఘాతం

సంగీత చరిత్రలు ఎక్కువగా స్వరకర్తల చరిత్రలుగా, గాయకుల చరిత్రలుగా వెలువడ్డాయి. పాట ఎలా పుట్టిందో వివరించినంత శ్రద్ధగా, అది వినేవారి ఇంటికి ఏ దారిన వచ్చిందో అవి వివరించలేదు. పాడినవారి పేరు తెలియని శ్రోత ఆ పాటను అడిగి తెప్పించుకోలేడు. ఎవరో ఒకరు దానిని అతని చెవిన వేయాలి. ఆ పని ఎవరు చేశారు, ఏ నిబంధనలకు లోబడి చేశారు, ఎవరి పాటలు ఆ దారిలో రాలేకపోయాయి అనేవి చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నలు.

ఈ పరిశీలనకు బ్రిటన్ అనువైన క్షేత్రం. అక్కడ చాలాకాలం రేడియో ఒకే సంస్థ చేతిలో ఉంది. రికార్డుల వ్యాపారం కొద్ది పెద్ద కంపెనీల అధీనంలో ఉంది. ఆ రెంటికీ వెలుపల ఏర్పడిన సన్నని దారులలోనే అక్కడి ఇండీ రాక్ సంగీతం నడిచింది.

2. సముద్రం మీది రేడియో

1960ల ఆరంభంలో బ్రిటన్‌లో రేడియో ప్రసార హక్కు బీబీసీకే ఉండేది. యువతరం కోరుకున్న సంగీతానికి అందులో దక్కిన సమయం తక్కువ. 1964 మార్చిలో రేడియో కారొలైన్ అనే కేంద్రం దేశ జలాల సరిహద్దుకు ఆవల లంగరు వేసిన ఓడనుంచి ప్రసారాలు మొదలుపెట్టింది. అదే ఏడాది చివర రేడియో లండన్ మరో ఓడ మీద ప్రారంభమైంది. వీటిని జనం ‘పైరేట్’ రేడియోలు అన్నారు.

అమెరికా రేడియో కేంద్రాలలో పనిచేసి తిరిగివచ్చిన జాన్ పీల్ 1967లో రేడియో లండన్‌లో చేరాడు. ‘ది పర్ఫ్యూమ్డ్ గార్డెన్’ అనే పేరుతో ఆయన అర్ధరాత్రి కార్యక్రమం నడిపాడు. శ్రోతల ఉత్తరాలు చదవడం, పగటి ప్రసారాలలో వినిపించని బ్యాండ్ల పాటలు వేయడం దాని ప్రత్యేకతలు. శ్రోతకూ ప్రసారకర్తకూ మధ్య ఉత్తరాల ద్వారా ఏర్పడే చనువు తరువాతి దశాబ్దాలలో ఆయన పనికి ఆధారమైంది.

1967 ఆగస్టులో అమలులోకి వచ్చిన చట్టం ఈ ఓడలకు సరుకు అందించడాన్నీ, ప్రకటనలు ఇవ్వడాన్నీ నేరం చేసింది. రేడియో లండన్ మూతపడింది. అదే సంవత్సరం సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 ప్రారంభమైంది. ఓడల మీద పనిచేసిన పలువురిని ఆ కొత్త కేంద్రం చేర్చుకుంది. వారిలో పీల్ ఒకడు. ప్రభుత్వం ఓడలను మూయించినా, అవి పెంచిన శ్రోతలను కాదనలేకపోయింది.

3. ఆంక్ష నుంచి పుట్టిన అవకాశం

బీబీసీలో రికార్డులు వేయడానికి ఒక పరిమితి ఉండేది. గ్రామఫోను సూది రికార్డు మీద తిరిగే సమయం అనే అర్థంలో దానిని ‘నీడిల్ టైమ్’ అనేవారు. రికార్డులు ఎక్కువగా వేస్తే వాద్యకారులకు పని పోతుందని సంగీతకారుల సంఘం, అమ్మకాలు తగ్గుతాయని రికార్డు కంపెనీలు పట్టుబట్టడం వల్ల ఏర్పడిన నియమమిది. రోజుకు కొన్ని గంటలకు మించి రికార్డులు వేయకూడదు. మిగిలిన సమయాన్ని సంగీతకారులను పిలిపించి పాడించి నింపాలి. 1988 వరకూ ఈ కట్టడి ఏదో ఒక రూపంలో కొనసాగింది.

పగటి కార్యక్రమాలకు ఇది ఇబ్బందిగా పరిణమించింది. పీల్ కార్యక్రమానికి ఇదే పెట్టుబడి అయింది. లండన్‌లోని మైడా వేల్ స్టూడియోకు ఒక బ్యాండును పిలిచి, సాధారణంగా ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేయించేవారు. వీటికే ‘పీల్ సెషన్లు’ అని పేరు. వాటికి బీబీసీ పారితోషికం చెల్లించేది. రికార్డు కంపెనీతో ఒప్పందం లేని బ్యాండుకూ ఈ అవకాశం దక్కేది. 1977 నవంబరులో తొలి సెషన్ చేసిన సూక్సీ అండ్ ద బాన్షీస్‌కు కంపెనీతో ఒప్పందం కుదిరింది 1978లో మాత్రమే. అంటే మార్కెట్టులో రికార్డు లేకముందే దేశమంతటా ఆ బ్యాండుకు శ్రోతలు ఏర్పడ్డారు. 2004లో పీల్ మరణించే నాటికి ఇటువంటి సెషన్ల సంఖ్య 4,000 దాటింది.

వాద్యకారుల ఉపాధిని కాపాడడానికి చేసిన నియమం, ఎవరూ ఎరుగని వాద్యకారులను వెలుగులోకి తేవడం దాన్ని రూపొందించినవారు ఊహించని ఫలితం.

4. సొంత ముద్రణ: 1977

ప్రసారం ఒక్కటే చాలదు. విన్న పాటను శ్రోత కొనుక్కోగలగాలి. ఆ దిశలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బ్యాండు వేసిన అడుగు కీలకమైనది. ఆ యువకులు తెలిసినవారి వద్ద సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1976 డిసెంబరు 28న నాలుగు పాటలు రికార్డు చేశారు. ‘న్యూ హార్మోన్స్’ అని తమ లేబుల్‌కు తామే పేరు పెట్టుకుని, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ పేరిట విడుదల చేశారు. తొలి ముద్రణ 1,000 ప్రతులు. టపా ద్వారా, కొద్ది దుకాణాల ద్వారా అవి చెల్లిపోయాయి. మళ్ళీ మళ్ళీ అచ్చు వేయగా మొత్తం 16,000 వరకు అమ్ముడయ్యాయి.

ఏ పాటను ఎన్నోసారి వాయించినప్పుడు రికార్డు చేశారో ఆ అట్ట మీద అచ్చు వేయడం గమనార్హం. 1978లో స్క్రిటీ పొలీటీ బ్యాండు మరొక అడుగు ముందుకు వేసి, రికార్డు తయారీకి అయిన ఖర్చుల పట్టికనే అట్ట మీద ఇచ్చింది. ఇంతకాలం కంపెనీల రహస్యంగా ఉన్న లెక్క కొనుగోలుదారు చేతికి వచ్చింది. వినేవాడు తానూ చేయగలనని తెలుసుకున్నాడు. చాలామంది చేశారు కూడా.

ఉత్తర ఐర్లండులో ఈ దారి విలువ మరింత స్పష్టమవుతుంది. హింసాత్మక సంఘర్షణ వల్ల బయటి బ్యాండ్లు అక్కడికి రావడం అరుదైన రోజులవి. బెల్‌ఫాస్ట్‌లో ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే దుకాణం నడిపిన టెర్రీ హూలీ అదే పేరుతో లేబుల్ స్థాపించి, డెర్రీ పట్టణపు కుర్రవాళ్ళ బ్యాండు ది అండర్‌టోన్స్ పాటలను 1978లో విడుదల చేశాడు. వాటిలో ‘టీనేజ్ కిక్స్’ను పీల్ ఆ సెప్టెంబరులో వెంటవెంటనే రెండుసార్లు వేశాడు. కొద్ది వారాలలోనే అమెరికాకు చెందిన సైర్ సంస్థ వారితో ఒప్పందం చేసుకుంది. ఆ పాటలోని ఒక పాదమే సఫోక్ ప్రాంతంలోని గ్రేట్ ఫిన్‌బరో గ్రామంలో పీల్ సమాధిఫలకం మీద చెక్కి ఉంది.

5. దుకాణం, పంపిణీ, ‘ఇండీ’ నిర్వచనం

1976లో జెఫ్ ట్రావిస్ లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతంలో ‘రఫ్ ట్రేడ్’ అనే రికార్డు దుకాణం తెరిచాడు. అభిమానులే రాసి, నకళ్ళు తీసి అమ్ముకునే ‘ఫ్యాన్‌జీన్’ పత్రికలకు కూడా అక్కడ చోటు దొరికేది. అదే ఏడాది జులైలో మొదలైన మార్క్ పెర్రీ పత్రిక ‘స్నిఫింగ్ గ్లూ’ వీటిలో ప్రసిద్ధం. 1978 నాటికి రఫ్ ట్రేడ్ సొంత లేబుల్‌గా, పంపిణీదారుగా విస్తరించింది. తరువాత యార్క్, లివర్‌పూల్, బ్రిస్టల్, నారిచ్, ఎడిన్‌బరో మొదలైన ఊళ్ళలోని అటువంటి సంస్థలతో కలిసి ‘ది కార్టెల్’ అనే పంపిణీ కూటమి ఏర్పడింది. ఒక ఊరి గదిలో తయారైన రికార్డు మరో ఊరి దుకాణానికి పెద్ద కంపెనీల సాయం లేకుండా చేరడం దీనివల్ల సాధ్యమైంది.

1980 జనవరిలో బ్రిటన్‌లో తొలి ఇండీ అమ్మకాల పట్టిక వెలువడింది. ఇందులో చోటు పొందడానికి బాణీతో పని లేదు. రికార్డు పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థతో సంబంధం లేకుండా దుకాణానికి చేరితే చాలు. ఈ నియమం వల్లే 1980ల చివర, పూర్తిగా జనాకర్షక పాప్ గాయని అయిన కైలీ మినోగ్ కూడా ఆ పట్టికలో అగ్రస్థానానికి చేరింది. ఆమె రికార్డులు వెలువరించిన లేబుల్‌కు స్వతంత్ర పంపిణీ ఉండడమే కారణం.

అయితే అప్పటికే వాడుకలో అర్థం మారుతోంది. 1986లో ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ వారపత్రిక 22 బ్యాండ్ల పాటలతో ‘సీ86’ అనే క్యాసెట్టును పాఠకులకు అందించింది. కాలక్రమంలో ఆ క్యాసెట్టు పేరే గిటార్ ప్రధానమైన ఒక శైలికి పేరైంది. దారికి పెట్టిన పేరు బాణీకి అంటుకున్న క్రమంలో ఇది ముఖ్య ఘట్టం.

6. శ్రోత దినచర్య

ఈ వ్యవస్థలన్నీ కలిసినచోటు శ్రోత గది. చాలాకాలం పీల్ కార్యక్రమం రాత్రి పది గంటలకు మొదలయ్యేది. బడిపిల్లలు హోంవర్కు చేసుకుంటూనో, దుప్పటి కింద చిన్న ట్రాన్సిస్టరు పెట్టుకునో వినేవారు. టేప్‌రికార్డరు ఉన్నవారు మీట మీద వేలు ఉంచి, నచ్చిన పాట మొదలవగానే నొక్కేవారు. పాట పేరు చెప్పేటప్పుడు పొరపాటున వినకపోతే దాన్ని కనుక్కోవడానికి మరో రాత్రి దాకా ఆగవలసిందే. శనివారం దుకాణానికి వెళ్ళి, చేతిలోని డబ్బుతో ఏ ఒక్కటి కొనాలో తేల్చుకోవాలి. మిగిలినవి స్నేహితుని వద్దనుంచి క్యాసెట్టు మీదికి ఎక్కించుకోవాలి. ఇళ్ళలో ఇలా టేపు చేసుకోవడం సంగీతాన్ని చంపుతోందని రికార్డు పరిశ్రమ 1980లలో ప్రచారం చేసింది. కాని కొత్త బ్యాండ్ల పేర్లు ఒకరినుంచి ఒకరికి పాకింది ఆ క్యాసెట్ల మీదనే.

శ్రోతల అభిరుచికి 1976లో పీల్ ప్రారంభించిన ‘ఫెస్టివ్ ఫిఫ్టీ’ సాక్ష్యం. ఏటా చివర శ్రోతలు తమకు నచ్చిన మూడు పాటలను ఉత్తరం ద్వారా ఎన్నుకునేవారు. ఇందులో ఈ దారి పరిమితి కూడా కనిపిస్తుంది. పీల్ రెగే, హిప్ హాప్, ఆఫ్రికా సంగీతాలను ఎడతెగకుండా వేసినా, పట్టికలో శ్వేతజాతి యువకుల గిటార్ బ్యాండ్లదే పైచేయి. తలుపు తెరిచినంత మాత్రాన వినేవాడు గడప దాటుతాడన్న నమ్మకం లేదు.

7. ఆశా భోస్లే పేరు మోసిన ఇండీ పాట

1991లో కార్టెల్‌కు మూలమైన రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ ఆర్థికంగా కుప్పకూలింది. 1982లోనే వేరుపడి ఉద్యోగుల యాజమాన్యంలోకి వెళ్ళిన దుకాణం మాత్రం నిలిచింది. ఆ దుకాణంలో పుట్టిన లేబుల్ ‘వీజా’. దుకాణపు పోస్టుకోడు అక్షరాలనే కలిపి దానికి పేరుగా పెట్టారు.

పంజాబీ మూలాలున్న టిజిందర్ సింగ్ నడిపిన కార్నర్‌షాప్ బ్యాండు 1997లో ఈ లేబుల్ ద్వారానే ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’ పాటను విడుదల చేసింది. అది ఆశా భోస్లేను స్మరిస్తూ, హిందీ నేపథ్యగానాన్నీ, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డునూ కొనియాడే పాట. పీల్ శ్రోతలు దానిని ఆ ఏటి ఫెస్టివ్ ఫిఫ్టీలో మొదటి స్థానంలో నిలిపారు. నార్మన్ కుక్ మార్పులతో అది 1998 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధాన పట్టికలోనూ మొదటి స్థానం పొందింది. భారతీయ ఇళ్ళలో రికార్డులమీదా రేడియోలోనూ విన్న గొంతు, వలస కుటుంబం మీదుగా, చిన్న దుకాణపు లేబుల్ మీదుగా, రాత్రి ప్రసారం మీదుగా బ్రిటన్ అంతటా వినిపించింది. గిటార్ బ్యాండ్లకే మొగ్గిన శ్రోతలు ఈసారి గడప దాటారు.

8. ముగింపు

పై చర్చ ఆధారంగా ఈ అంశాలను గుర్తించవచ్చు.

1. బ్రిటన్‌లో ‘ఇండీ’ తొలుత పంపిణీ సంబంధమైన మాట. శైలీపరమైన అర్థం 1980ల మధ్య నుంచి బలపడింది.

2. ‘నీడిల్ టైమ్’ వంటి ఆంక్షలు, వాటిని రూపొందించినవారి ఉద్దేశంతో నిమిత్తం లేకుండా, కొత్త సంగీతకారులకు చోటు కల్పించాయి.

3. తయారీ ఖర్చులు బహిరంగం కావడం వల్ల శ్రోతకూ సంగీతకారునికీ మధ్య దూరం తగ్గింది.

4. ప్రసారకర్త ఎంత ఉదారుడైనా శ్రోతల సామూహిక అభిరుచికి తన హద్దులు ఉంటాయి. వాటిని దాటడానికి ఏళ్ళు పట్టింది.

పీల్ 2004 అక్టోబరు 25న పెరూ దేశంలోని కుస్కోలో మరణించాడు. ఆయన ఉత్తరాలు చదివి, టేపులు విని ఎంపిక చేసిన పనిలో అధికభాగాన్ని నేడు యంత్రగణన చేస్తున్నది. శ్రోత నిన్న విన్నదాన్ని బట్టి అది రేపటి పాటను సూచిస్తుంది. వినదగిన సంగీతానికి ఇప్పుడు కొరత లేదు. శ్రోత తనంతట తాను ఎన్నడూ అడగని పాటను, పగటి ప్రసారాలు పట్టించుకోని ఊరినుంచి తెచ్చి, దాని వెనుక తన మాట నిలిపి వినిపించే మనిషి స్థానం మాత్రం ఖాళీగా ఉన్నది. డెర్రీ కుర్రవాళ్ళ పాట ఒకే రాత్రి రెండుసార్లు మోగింది అటువంటి మనిషి వల్లనే.