ఒరకి నడుము కావాలి

కత్తికి ఒర వున్నట్టే తుపాకికీ ఒక ఒర వుంటుంది. హోల్‌స్టర్ అంటారు దాన్ని. అమెరికాలో మామూలు ఇల్లాళ్లు కూడా బట్టల చాటున పిస్తోలు పెట్టుకుని బజారుకి వెళ్లి రావడం వుంది. చట్టం ఒప్పుకుంటుంది కూడాను. షరతులు మాత్రం రాష్ట్రానికో తీరు. అది మంచా చెడ్డా అనే వాదన అలా వుంచుదాం. ఆ తుపాకిని ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలి అన్న చిన్న ప్రశ్నకే ఆడవాళ్ల విషయంలో రెండు వందల ఏళ్ల పైచిలుకు చరిత్ర వుంది. అందులో ముప్పాతిక వంతు జేబుల చరిత్రే!

మగవాళ్లకేం? కోటుంది, తోలు బెల్టుంది. 1836లో శామ్యూల్ కోల్ట్ తన రివాల్వరుకి అమెరికాలో పేటెంటు తీసుకున్న తరవాత బెల్టుకి తగిలించే తోలు ఒరలు రకరకాలుగా వచ్చాయి. తరవాత కోటు కింద, చంకలో దాగే ఒరలూ వచ్చాయి. అన్నీ మగవాడి నడుము, మగవాడి కోటు చూసి కుట్టినవే.

ఇంగ్లండులో ఆడవాళ్లకి ఒకప్పుడు భేషైన జేబులుండేవి. రెండు గుడ్డ సంచుల్ని నాడాతో నడుముకి కట్టుకుని, పైన పావడా వేసుకునేవారు. పావడాకున్న చీలికలోంచి చెయ్యి పెడితే తాళాలు, డబ్బులు, సూదీ దారం అన్నీ అందేవి. మన ముత్తవ్వలు రొంటిన దోపుకున్న వక్కాకు సంచీకి అక్కచెల్లెలన్నమాట. 1790ల నాటికి ఎత్తు నడుము పల్చటి గౌన్ల మోజు వచ్చింది. మన ఢాకా మస్లిన్ లాంటి బట్టలు మరి! లోపల సంచీ వుంటే పైకి ఉబ్బెత్తుగా కనబడదూ? దాంతో జేబు ఒంటి మీంచి దిగి చేతిసంచీ అయింది. పిస్తోలు దగ్గర వుంచుకోవాలనుకునే ఆడవాళ్లకి ఆ సంచీయో, చలికి చేతులు దూర్చుకునే బొచ్చు తొడుగో దిక్కయింది.

పోలీసు ఉద్యోగంలో చేరినా ఆ సంచీ వదల్లేదు. 1931లో న్యూయార్కు పోలీసుల్లో చేరిన మేరీ షాన్లీ జేబుదొంగల్ని పట్టడంలో దిట్ట. ఆవిడ తుపాకి వుండేది హ్యాండ్‌బ్యాగులోనే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అదే ఊళ్లో ఆడ పోలీసులకి భుజాన వేసుకునే సంచీ ఇచ్చారు. అందులో తుపాకికీ చోటుంది, పౌడరు డబ్బాకీ చోటుంది!

1968 సెప్టెంబరులో ఇండియానాపోలిస్ నగరంలో బెట్టీ బ్లాంకెన్‌షిప్, ఎలిజబెత్ కోఫల్ అనే ఇద్దరు పోలీసులు 47వ నంబరు కారులో గస్తీకి బయల్దేరారు. మగవాళ్ల మాదిరే గస్తీ డ్యూటీ వేయించుకున్న తొలి ఆడవాళ్లని వాళ్లకి పేరు. డ్యూటీ మగవాళ్లదే గాని వేషం స్కర్టూ, ఎత్తుమడమల జోళ్లూ. తుపాకి పర్సులో. ఒక్కసారి ఊహించుకోండి. దొంగ పరిగెత్తుతున్నాడు. ఈవిడ పర్సు తెరిచి, దువ్వెనా రుమాలూ తప్పించి తుపాకి తియ్యాలి. పరిగెడితే పర్సు ఊగుతుంది, పక్కన పెడితే ఎవడైనా ఎత్తుకుపోతాడు. ఆ ఏర్పాటు చేసిన పెద్దమనిషి ఎవరోగాని, ఒక్కరోజు పర్సు తగిలించుకుని పరిగెత్తి చూసుండడు.

1972లో ఉద్యోగాల్లో సమానత్వపు చట్టం అక్కడి ప్రభుత్వ శాఖలకీ వర్తించాక గస్తీ ఆడవాళ్లు పెరిగారు, క్రమంగా ప్యాంట్లూ బెల్టులూ వచ్చాయి. బెల్టు రాగానే తెలిసొచ్చింది, ఒర కుట్టినవాడు ఆడదాని నడుము చూడలేదని. నడుము నుంచి పక్కటెముకలకి దూరం తక్కువ, తుంటి వెడల్పు ఎక్కువ. కింది కొస తుంటికి తగిలి బయటికి పోతే, పైన పిడి వచ్చి పక్కటెముకల్లో గుచ్చుకునేది. కాస్త కిందికి జారి, ఒంటికి ఎడంగా నిలిచే ఒరలు తరవాత వచ్చాయి.

మామూలు ఆడవాళ్లకి మాత్రం పర్సే దారి చూపిస్తూ వచ్చారు. 2014 జనవరిలో మన కాన్పూరు ఆయుధ కర్మాగారం కూడా ఆడవాళ్ల కోసమని అరకిలో బరువుతో ‘నిర్భీక్’ రివాల్వరు తెచ్చింది. నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. పెట్టె గురించి ఆలోచించినవాళ్లు చీర గురించి ఆలోచించినట్టు లేదు.

అదే ఏడాది డిసెంబరు 30న, అమెరికాలోని ఐడహో రాష్ట్రం హేడెన్ అనే ఊళ్లో ఒక తల్లి పిల్లలతో దుకాణానికి వెళ్లింది. తుపాకి దాచే ప్రత్యేకమైన అర వున్న పర్సు ఆమెది. క్రిస్మస్‌కి భర్త ఇచ్చిన కానుక. తోపుడుబండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆ పర్సులో చెయ్యి పెట్టాడు. తుపాకి పేలింది. తల్లి అక్కడికక్కడే పోయింది.

పర్సు ఒంటి మీద వుండదు, పిల్లల చేతికందే చోట వుంటుంది. అందుకే తెలిసినవాళ్లు ఒర ఒంటినంటుకునే వుండాలంటారు. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలి. తలకిందులు చేసినా తుపాకి జారకూడదు. పైభాగం మెత్తబడి ముడుచుకుపోకుండా గట్టిగా నిలవాలి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు తోలు మడతే ట్రిగ్గరుకి అడ్డంపడి నొక్కేస్తుంది. బెల్టు లేని గౌన్ల కోసం వడ్డాణంలా చుట్టుకునే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీలు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. కొన్నింటిలో ట్రిగ్గరుకి మెత్తటి గుడ్డ తప్ప అడ్డేమీ వుండదు, వాటి జోలికి పోకపోవడం మేలు.

కొనే ముందు తూటాలు తీసేసిన తుపాకితో, రోజూ కట్టే బట్టల్లోనే పరీక్షించమంటారు. కుర్చీలో కూర్చోవాలి, కింద పడ్డ వస్తువు కోసం వంగాలి, కారెక్కి దిగాలి. బిడ్డను చంకనెత్తుకుని కూడా చూడాలి, వాడి కాలు ఎక్కడ తగులుతోందో, ఏ చెయ్యి ఖాళీగా మిగులుతోందో.