తాత పేరు, మనవడి బండి

2018 నవంబర్ 14న రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ధర బయటపెట్టినప్పుడు, బళ్ల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామంది ముందు చేసిన పని ఆ అంకెని ఇంకోసారి చూసుకోవడం. ఎక్స్-షోరూమ్ రెండున్నర లక్షలు. మూడు దాటుతుందనే చాలామంది లెక్క. అంతకు నాలుగేళ్ల ముందు హార్లీ-డేవిడ్‌సన్ తన స్ట్రీట్ 750ని 4 లక్షల 10 వేలకి తెస్తేనే, హార్లీ కూడా అందుబాటులోకి వచ్చిందని సంబరపడ్డవాళ్లం మనం. అలాంటిది 648 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, ఏబీఎస్, అన్నీ కలిపి రెండున్నరకి. ఇందులో ఏదో మెలిక ఉండే ఉంటుందని కొన్నాళ్లు వెతికారు కూడా.

ధర తర్వాత జనం మాట్లాడుకున్నది పేరు గురించి. ప్రకటనల్లో, వార్తల్లో, షోరూముల్లో ఒకటే మాట: ఇంటర్‌సెప్టర్ తిరిగొచ్చింది. నాకు ఈ ‘తిరిగొచ్చింది’ దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఎక్కడి నుంచి? ఎవరి దగ్గరికి? పాత ఇంటర్‌సెప్టర్ మన దేశంలో ఎప్పుడూ తయారు కాలేదు. మన నాన్నల తరంలో ఆ పేరు విన్నవాళ్లే అరుదు. మనకి ఇంటర్‌సెప్టర్ అంటే హైవే పక్కన చెట్టు నీడలో స్పీడ్ గన్‌తో కాపు కాసే పోలీసు వాహనం. తిరిగిరావాలంటే ముందు ఒకసారి వచ్చి వెళ్లి ఉండాలి కదా.

మన దగ్గర ఎప్పుడూ లేనిదాని మీద మనకి బెంగ ఎలా కలిగింది? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే ఇంగ్లండ్ దాకా వెళ్లిరావాలి.

*

ఇంగ్లండ్‌లో రెడిచ్ అనే ఊళ్లో ఎన్‌ఫీల్డ్ సైకిల్ కంపెనీ 1901లో మొదటి మోటార్ సైకిల్ చేసింది. మిడిల్‌సెక్స్‌లోని ఎన్‌ఫీల్డ్ ఊరి ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి విడిభాగాలు అమ్మిన సంబంధంతో వచ్చిన పేరది. తుపాకీ అంత నిక్కచ్చిగా చేస్తామన్నది వాళ్ల ప్రచారం. 1932లో వచ్చిన బండికి బుల్లెట్ అని పేరు పెట్టడంలో ఆశ్చర్యమేం లేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక తుపాకుల మోజు తగ్గి ఆకాశం మోజు పెరిగింది. దాంతోపాటే బళ్ల పేర్లూ మారాయి: మీటియర్, సూపర్ మీటియర్, కాన్‌స్టలేషన్. ఉల్కలూ నక్షత్రరాశులూ అయ్యాక, శత్రు విమానాన్ని దారిలోనే అడ్డుకునే యుద్ధ విమానం వంతు వచ్చింది. 1962లో వచ్చిన 736 సీసీ బండి పేరు ఇంటర్‌సెప్టర్.

దాన్ని చేసింది ప్రధానంగా అమెరికా కోసం. అక్కడ రోడ్లు పొడుగు, పెట్రోలు చవక, పెద్ద ఇంజన్ అంటే ప్రాణం. అసలు అమెరికాలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కథే ఒక తమాషా. అక్కడి ‘ఇండియన్’ అనే పాత కంపెనీ 1953లో తయారీ ఆపేసింది. ఆ పేరు చేతికి దక్కినవాళ్లు 1955 నుంచి కొన్నేళ్లపాటు రెడిచ్ బళ్లకే ఇండియన్ అని ముద్రవేసి అమ్మారు. సరిగ్గా అదే 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. అంటే ఒకే ఏడాది, ఇంగ్లండ్ బళ్లు అమెరికాలో ఇండియన్ అయ్యాయి. ఇండియాలో ఇండియన్లు ఇంగ్లండ్ బళ్లు బిగించడం మొదలుపెట్టారు. కల్పిత కథలో రాస్తే ఎడిటర్ కొట్టేసే యాదృచ్ఛికం ఇది.

ఆ తర్వాత రెండు దార్లూ విడిపోయాయి. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. ఇంటర్‌సెప్టర్ మాత్రం ఇంకో మూడేళ్లు బతికింది. బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ దగ్గర ఒక పాత రాతి గనిలో, యుద్ధకాలంలో బాంబులకి అందకుండా నేల కింద పెట్టిన కర్మాగారంలో దాన్ని తయారుచేశారు. కాలిఫోర్నియా ఎండ కోసం పుట్టిన బండి చివరి రోజులు ఇంగ్లండ్ నేలమాళిగలో గడిచాయి. 1969లో హోండా సీబీ 750 వచ్చింది. నాలుగు సిలిండర్లు, మీట నొక్కితే స్టార్ట్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. నూనె కార్చుకుంటూ తిరిగే బ్రిటిష్ బళ్లకి దానితో పోటీ ఎక్కడ? రాయల్ ఎన్‌ఫీల్డ్‌ని అక్కడివాళ్లే రాయల్ ఆయిల్‌ఫీల్డ్ అని వెక్కిరించేవారు. 1970లో ఇంటర్‌సెప్టర్ ఆగిపోయింది. కొనాల్సిన అమెరికా వ్యాపారి చనిపోవడంతో మిగిలిపోయిన ఇంజన్లని రిక్‌మన్ సోదరులు తీసుకుని తమ ఫ్రేముల్లో బిగించి అమ్మారు. పుట్టిల్లు మూసేశాక సామాన్లు పంచుకున్నట్టు.

మద్రాసు శాఖకి ఈ గొడవలేవీ పట్టలేదు. సైన్యానికి, పోలీసులకి, మిగతా జనానికి 350 సీసీ బుల్లెట్ చేసుకుంటూ పోయింది. ఒకటే సిలిండరు, ఒకటే ధోరణి. 1994లో ఐషర్ గ్రూపు చేతికి వచ్చింది. 2000 ప్రాంతంలో మూసేద్దామా అనేదాకా వెళ్లి, సిద్ధార్థ లాల్ చేతుల్లో నిలదొక్కుకుంది. అన్ని దశాబ్దాల్లో మద్రాసు ఫ్యాక్టరీ రెండు సిలిండర్ల ఇంజన్ ఒక్కటీ మార్కెట్లోకి తేలేదు. అందుకే 2017 నవంబర్లో మిలాన్ షోలో ఇంటర్‌సెప్టర్ 650ని చూపించినప్పుడు, వంశంలో ఇంగ్లండ్ శాఖ వాడిన పేరుని, ఇండియా శాఖ తను ఎప్పుడూ చేయని బండికి పెట్టుకుంది. దత్తుడికి ఇంటిపేరు వస్తుంది సరే. జ్ఞాపకాలు కూడా వస్తాయా?

*

బండి ఒకటే. కానీ మూడు దేశాల్లో మూడు రకాలుగా వినబడింది.

బ్రిటన్‌లో అసలు ప్రశ్న: ఇది ఎవరి బండి? ఇంజన్ అభివృద్ధిలో లెస్టర్‌షైర్‌లోని కంపెనీ సాంకేతిక కేంద్రానికి పెద్ద పాత్ర ఉంది. ఫ్రేము వెనక హారిస్ పెర్ఫార్మెన్స్ ఉంది, అదీ ఇంగ్లండ్‌దే, 2015లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కొనేసింది. తయారీ చెన్నైలో. దాన్ని బ్రిటిష్ అనడానికి నొచ్చుకునేవాళ్లకి అక్కడివాళ్లే చెప్పే జవాబు ఒకటుంది: మనం బ్రిటిష్ అని గర్వపడే ట్రయంఫ్ బళ్లు చాలా మటుకు థాయ్‌లాండ్‌లో తయారవుతున్నాయి కదా అని. ఇంకో సంగతి, ఇంజనీరుగా నాకు ముచ్చటేసినది, ఆ 47 గుర్రాల శక్తి. కొంచెం పిండితే ఇంకా వచ్చేదే. కానీ యూరప్‌లో ఏ2 అనే మధ్యస్థ లైసెన్సుకి హద్దు 35 కిలోవాట్లు, అంటే సరిగ్గా 47 గుర్రాలు. లైసెన్సు కొత్తగా వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడూ, అరవై దాటి పాత బండి ఇక తన్ని స్టార్ట్ చేయలేని పెద్దాయనా, ఇద్దరూ ఒకే బండి ముందు నిలబడేట్టు చేసింది ఆ అంకె. రెండో ఆయనకి ఇది నిజంగానే తిరిగొచ్చిన పేరు. నూనె కారట్లేదేమిటని ఆయన జోకు వేయగలడు, ఎందుకంటే కారిన నూనె తుడిచిన చెయ్యి ఆయనది.

అమెరికాలో ఇంకో వింత. ఏ దేశం కోసం ఇంటర్‌సెప్టర్ పుట్టిందో, ఆ దేశంలో కొత్త బండికి ఆ పేరు లేదు. 1983లో హోండా తన వీఎఫ్ 750 ఎఫ్ బండికి అక్కడ ఇంటర్‌సెప్టర్ అని పేరు పెట్టింది. అది బాగా నడిచింది, పేరు హక్కులు హోండా దగ్గరే ఉండిపోయాయి. పాత ఇంటర్‌సెప్టర్ లాంటి బళ్లకి కాలం చెల్లేలా చేసిన కంపెనీయే, వాటిలో ఒకదాని పేరు కూడా తీసుకుందన్నమాట. అందుకని రాయల్ ఎన్‌ఫీల్డ్ అక్కడ దాన్ని ఐఎన్‌టీ 650 అని 5,799 డాలర్లకి అమ్మింది. మన ఇళ్లలో మనవడికి తాత పేరు పెడతారు, కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు, దాంతో పిల్లాడు జీవితాంతం బుజ్జిగాడో చిన్నోడో అయి మిగిలిపోతాడు. అలాగే ఉంది ఇది. ప్రపంచ విలేకరులందరికీ మొదటిసారి ఆ బండి ఇచ్చి తిప్పింది కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో. సముద్రం, ఎండ, అరవైల నాటి రంగులు, అన్నీ ఉన్నాయి. ఆ పేరు చట్టప్రకారం పలకడానికి లేని రాష్ట్రంలో ఆ పేరు జ్ఞాపకాన్ని చిత్రీకరించారు.

ఇండియాలో స్పందన మొదలైంది చెవి దగ్గర. దీనికి కాస్త యంత్రశాస్త్రం కావాలి. బుల్లెట్‌లో పెద్ద పిస్టన్ ఒకటే. రెండు చుట్లకి ఒక పేలుడు. ఆ మధ్య ఖాళీయే మనం డుగుడుగు అని పిలుచుకునే చప్పుడు. పాత ఇంటర్‌సెప్టర్‌లో రెండు పిస్టన్లూ కలిసి పైకెళ్లి కలిసి దిగేవి, పేలుళ్లు వంతులవారీగా, చుట్టుకి ఒకటి, సమానమైన ఎడంతో. కొత్తదాంట్లో క్రాంక్ 270 డిగ్రీలది. ఒక పేలుడు తర్వాత 270 డిగ్రీలకి రెండోది, మళ్లీ 450 డిగ్రీలకి మొదటిది. అందుకే దాని చప్పుడు కొంచెం కుంటి నడకలా, గుర్రం దౌడులా ఉంటుంది. వణుకుని ఒక బ్యాలెన్సర్ షాఫ్ట్ మింగేస్తుంది. అంటే కొత్త బండి చప్పుడు అటు బుల్లెట్‌దీ కాదు, ఇటు పాత ఇంటర్‌సెప్టర్‌దీ కాదు. వారసత్వం పేరుతో వచ్చిన బండిలో వారసత్వంగా రానిది సరిగ్గా గొంతే.

అదే మనవాళ్లని రెండుగా చీల్చింది. ఎనభైలో వెళ్తున్నా అద్దంలో వెనకబండి స్పష్టంగా కనిపించడమే గొప్ప అని ఒకరు. వణకని బండిని ఎన్‌ఫీల్డ్ అని ఎలా అంటాం అని ఒకరు. పెట్రోల్ బంకులో కుర్రాడు ముందు “ఎంతిస్తది అన్నా?” అని అడుగుతాడు. ఆ తర్వాత “ఇది బుల్లెట్టేనా?” అంటాడు. మా ఊరివైపు పెద్దవాళ్లయితే ఇంకా సూటిగా, “ఏవయ్యా, బుల్లెట్టన్నావు, చప్పుడేదీ?” మూడేళ్లుగా ఈ బండి నడుపుతున్నాను, దాన్ని పూర్తి పేరుతో పిలిచిన మనిషి రోడ్డు మీద నాకు తగల్లేదు. 650 బుల్లెట్టు, లేదా డబుల్ సిలిండర్ బుల్లెట్టు. అంతే.

ఫిర్యాదులూ వచ్చాయి, అవీ మన రోడ్ల భాషలోనే. ఆగినప్పుడు ఫుట్‌రెస్ట్‌లు పిక్కలకి తగలడం. సీటు గట్టిదనం. అన్నిటికన్నా ఎక్కువగా ట్యూబ్ టైర్లు. తీగల చక్రాలు ఫొటోల్లో బాగుంటాయి, కానీ రెండు వందల కిలోల బండికి సూర్యాపేట దాటాక అర్ధరాత్రి పంక్చర్ అయితే అందం అక్కరకు రాదు. ట్యూబ్‌లెస్ టైర్లు పట్టే అల్లాయ్ చక్రాలు కంపెనీ ఇచ్చింది 2023లో. ఇండియాలో 2019 మేటి మోటార్ సైకిల్ అవార్డు అందుకున్న బండికి ఈ మార్పు రావడానికి నాలుగేళ్లు పట్టిందంటే, గతం కనిపించే తీరుకీ ఇవాళ్టి అవసరానికీ మధ్య ఎంత గుంజులాట జరుగుతుందో అర్థమవుతుంది.

*

పాత పేర్లు బతికించే వ్యాపారం కొత్తది కాదు. 1959 నాటి బోన్‌విల్ పేరుని ట్రయంఫ్ 2001లో లేపింది. మన దగ్గర 2018 నవంబర్లోనే, ఇంటర్‌సెప్టర్ విడుదలైన మరుసటి రోజే, జావా తిరిగొచ్చింది. జావా సంగతి వేరు. మైసూరులో తయారైన ఆ బండి, తర్వాత యెజ్డీ అయినా సరే, మన వీధుల్లో తిరిగింది. దాని గురించి మాట్లాడినవాళ్లు మేనమామ బండినో హెడ్మాస్టరు బండినో తలుచుకున్నారు. జ్ఞాపకం ముందు ఉంది, బండి తర్వాత వచ్చింది. ఇంటర్‌సెప్టర్‌కి క్రమం తిరగబడింది. బండి ముందు వచ్చింది, జ్ఞాపకాన్ని దానితోపాటు ఇచ్చారు. అలల మీద తేలే కుర్రాళ్లు, నారింజ రంగు ట్యాంకులు, ఎవరిదో యవ్వనం.

నాకు పేచీ ఇక్కడే. ఆ కాలిఫోర్నియా అరవైల కథ చెప్పడం కోసం తిరువొత్తియూరు అరవైల కథ పక్కకి తప్పుకుంది. రెడిచ్ ఆరిపోయాక రాయల్ ఎన్‌ఫీల్డ్ అనే పేరుకి ఇవాళ విలువంటూ ఉందంటే, అది మద్రాసు శివార్లలో ఏళ్ల తరబడి అదే 350 ఇంజన్ బిగించిన మనుషుల వల్ల. దాన్ని కొని, తిట్టుకుంటూ తన్నుకుంటూ నడిపిన పోలీసులూ మోతుబరులూ మెకానిక్కుల వల్ల. ఆ చరిత్ర తక్కువదేం కాదు. కాకపోతే పోస్టర్లో అందంగా రాదు.

అయితే జనం ఆ పోస్టర్ని పూర్తిగా నమ్మలేదనే నా అనుమానం. డబుల్ సిలిండర్ బుల్లెట్టు అని పిలవడంలో తెలియనితనం కన్నా తెలివే ఎక్కువ ఉంది. ఈ బండికి రక్తసంబంధం ఎవరితోనో ఆ పిలుపు చెప్పేసింది: పేరిచ్చిన ఇంగ్లండ్ తాతతో కాదు, పెంచిన మద్రాసు ఇంటితో. 2024లో కంపెనీ ఇదే ఇంజన్‌ని బుల్లెట్ పోలికలున్న క్లాసిక్ 650లో పెట్టి చూపించింది. బంకు కుర్రాళ్లు ఆరేళ్ల ముందే చెప్పిన మాట అది.