పడనిది ఏది? ఎందుకు పడదు?

మునగాల సంస్థానపు రాజుల కోట నడిగూడెములో ఉన్నది. ఆ సంస్థానమునకు దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకటలక్ష్మణరావుగారు, రాజా నాయని వెంకటరంగారావుగారి అండతో, మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. చరిత్రను, శాస్త్రములను తెలుగులో చదువుకొనగలగాలన్నది వారి ఆశయము. సరిగా ఆ సంవత్సరమే వియన్నా నగరములో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు వైద్యశాస్త్రమునకు ఒక కొత్త మాటను చేర్చాడు. ఆ మాట 'ఎలర్జీ'. నేడు నడిగూడెములో బడికి పోయే పిల్లవానికి కూడ ఆ మాట తెలుసు.

ఆ కాలములో కంఠసర్పి వ్యాధికి గుఱ్ఱపు రక్తమునుండి తీసిన సీరమును సూదిమందుగా ఇచ్చేవారు. మొదటిసారి తట్టుకొన్న పిల్లలలో కొందరికి రెండవసారి ఇచ్చినప్పుడు త్వరగా జ్వరము, దద్దురులు వచ్చేవి. మందు మారలేదు, మారినది పిల్లవాని శరీరము. ఇట్లు మారిన స్పందనకు పిర్కే గ్రీకు పదములను కలిపి పేరు పెట్టాడు. మనవాళ్ళు ఏ గ్రీకు సహాయము లేకుండానే 'వాడికి దుమ్ము పడదు' అంటారు. ఆ 'పడదు' అనే చిన్న మాటలో సంగతి అంతా ఉన్నది. దోషము దుమ్ముదే కాదు, దుమ్ముకూ వానికీ పొసగకపోవడములో ఉన్నది.

అయితే పడనిది ఏది? 1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాక్ ఒక రోగి చరిత్ర వ్రాశాడు. ఎనిమిదవ ఏటినుండి ప్రతి వేసవిలోనూ కండ్లు ఎఱ్ఱబడి, తుమ్ములు, ఆయాసము వస్తున్న ఆ రోగి ఆయనే! జనులు కొత్త ఎండుగడ్డి వాసనను తప్పుపట్టారు; బోస్టాక్ మాత్రము వేసవి వేడిమి వైపే మొగ్గాడు. అసలు దొంగను పట్టినవాడు మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ ఇదే బాధ. పుప్పొడిని తన ముక్కుకు, గీరిన చర్మమునకు తాకించి ఫలితము చూశాడు. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు కట్టి వేయి అడుగులకు పైగా ఎగురవేసి, వాటికి అంటిన పుప్పొడి రేణువులను లెక్కించాడు. 1873లో ఆయన ప్రచురించిన గ్రంథములో ఒక చిక్కుప్రశ్న కూడ ఉన్నది. పగలంతా గడ్డిలో పనిచేసే రైతులకు ఈ జబ్బు అరుదు, పట్టణవాసులకే ఎక్కువ. ఎందుకు?

మొదటి ప్రశ్న చాలవరకు తేలింది. 1964లో హాలెండులో ఫోర్‌హోర్స్ట్, ఆయన సహచరులు ఇంటి దుమ్ములోని దోషమును కంటికి ఆనని ఒక పురుగులో చూపారు. అది పరుపులలో చేరి మన చర్మమునుండి రాలిన పొట్టు తిని బ్రతుకుతుంది. 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులు ఈ బాధకు మూలమైన ప్రతిరక్షకమును గుర్తించారు; తరువాత దానికి 'ఐజి-ఇ' అని పేరు వచ్చింది. అది కొన్ని కణములకు అంటుకొని కాచుకొని ఉంటుంది. పడని రేణువు తగలగానే ఆ కణములు హిస్టమిన్ మొదలైన పదార్థములను విడుస్తాయి. శ్వాసనాళపు గోడ వాచి, చుట్టూ ఉన్న కండరములు బిగుసుకొని, దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకుదారిలో గాలి చేసే చప్పుడే పిల్లికూతలు.

మన నేలపై పడనివాటిలో కొన్ని దూరమునుండి వచ్చినవి. జమైకానుండి తెప్పించిన విత్తనములతో 1877లో కడప ప్రాంతములో ఒక ముండ్లచెట్టును నాటారు. ప్రభుత్వము తెచ్చినది కాబట్టి కాబోలు, దానికి సర్కారు తుమ్మ అని పేరు. వంటచెరకుకు అక్కరకు వచ్చిన ఆ చెట్టు పుప్పొడి ఉబ్బసము తెచ్చేవాటిలో ఒకటని తరువాత తెలిసింది. 1950ల నడుమ పూణేలో కనబడిన వయ్యారిభామ సంగతి చెప్పనక్కర లేదు. బడి ప్రహరీ పక్కనే ఉంటుంది.

అంతమాత్రాన ఉబ్బసము కొత్త జబ్బు కాదు. మబ్బు, వాన, చలి దీనిని పెంచుతాయని చరకసంహిత చెప్పింది. హైదరాబాదులో మృగశిర కార్తెనాడు బత్తిన కుటుంబమువారు కొఱ్ఱమీను పిల్ల నోట మందు పెట్టి ఉబ్బస రోగులచేత మ్రింగిస్తారు. 1845నుండి ఇస్తున్నామని వారి మాట. అది జబ్బును కుదురుస్తుందనుటకు శాస్త్రీయమైన ఋజువు లేదు. కాని తొలకరి వేళ బిడ్డలను ఎత్తుకొని నిలిచే ఆ బారులు, మోటారు పొగకు ముందునుండీ ఈ బాధ ఇక్కడ ఉన్నదని గుర్తు చేస్తాయి.

ఇక బ్లాక్లీ ప్రశ్న. 1989లో ఇంగ్లండులో డేవిడ్ స్ట్రాచన్ పదిహేడువేలమందికి పైగా పిల్లల వివరములు పరిశీలించాడు. అన్నలు, అక్కలు ఎక్కువగా ఉన్న ఇండ్లలో పుప్పొడి జ్వరము తక్కువగా కనబడింది. పసితనములో ఒకరినుండి ఒకరికి అంటే జలుబులు, జ్వరములు శరీరమునకు మంచి తర్ఫీదు ఇస్తాయేమోనని ఆయన ఊహ. రెండు జర్మనీలు ఒకటైన తరువాత మరొక వింత తేలింది. బొగ్గుపొగ కమ్మిన లైప్‌జిగ్ పిల్లలకంటె, గాలి శుభ్రముగా ఉన్న మ్యూనిక్ పిల్లలలోనే ఎలర్జీ ఎక్కువ!

అయితే పొగ నిర్దోషియా? కాదు. పొగ సాధారణముగా ఎలర్జీ పుట్టించే పదార్థము కాదు. శ్వాసనాళమును ఒరిపిడి పెట్టి, ఉన్న బాధను రేపుతుంది. తెలుగువారు ఎందరో ఉన్న బెంగుళూరులో డాక్టరు పరమేశ్ ఆస్పత్రిలో చూసిన పిల్లలలో 1979లో నూటికి 9 మందికి ఉబ్బసము ఉండగా, 1999లో ఆ సంఖ్య 29.5 అయింది. పన్నెండు బడులలో 6,550 మంది పిల్లలను కూడ పరీక్షించారు. వాహనముల రద్దీ తక్కువగా ఉన్నచోట నూటికి 11.15 మందికి, రద్దీ ఎక్కువగా ఉన్నచోట 19.34 మందికి ఉబ్బసము ఉన్నది. అదే రద్దీలో ఉన్న పేదపిల్లలలో ఆ సంఖ్య 31.14. రద్దీ ఒక్కటే కారణమైతే చివరి రెండు అంకెలు దగ్గరగా ఉండాలి. స్ట్రాచన్ ఊహ ఒక్కటే చాలితే, తోబుట్టువులతో ఇరుకింట పెరిగే పేదపిల్లలకు బాధ తగ్గాలి. ఇక్కడ వారికే ఎక్కువ. వంటింటి పొగయా, చెమ్మగోడలా, తిండిలోని లోపమా, ఇవన్నీ కలిసియా అన్నది ఆ అంకెలు మాత్రమే చెప్పలేవు.